పద్దెనిమిదేళ్ళ తరుగు

సింగిల్ మాల్టు గురించి తెలుగులో రాద్దామని కూర్చుంటే మొట్టమొదట తగిలే ఇబ్బంది మాటలది. తాగుడికి సంబంధించి మనకున్న మాటల్లో సగం తిట్లు, మిగతా సగం ముసుగులు. తాగుబోతు, నాటు, సారా కొట్టు, బ్రాందీ షాపు - ఇవి తిట్లు. మందు, చుక్క, పుచ్చుకోవడం, 'సాయంత్రం ప్రోగ్రాం' - ఇవి ముసుగులు. నోట్లో పోసుకున్నది రుచిగా ఉందో లేదో, ఉంటే ఎలా ఉందో చెప్పడానికి మాత్రం ఒక్క మాటా లేదు. కాఫీకి ఉన్నాయి, ఆవకాయకి ఉన్నాయి, పులస గురించి మా గోదావరోళ్ళని కదిపితే పొద్దుగూకుతుంది. విస్కీకి మాత్రం 'స్మూతుగా ఉంది', 'ఘాటుగా ఉంది', 'ఎక్కింది', 'ఎక్కలేదు'. అంతే, అక్కడితో నిఘంటువు సమాప్తం.

మాటల్లేవు కాబట్టి మనవాళ్ళు అంకెలు పట్టుకున్నారు. ఆన్‌సైట్ నుంచి దిగినవాడు సూట్‌కేసులో జీన్సు ప్యాంట్ల మధ్య చుట్టి తెచ్చిన సీసా బయటికి తీసి మొదట అనే మాట "ఎయిటీన్ ఇయర్స్ మావా!" అవతలివాళ్ళు "అబ్బో" అనాలి. అచ్చం రెజ్యూమెలో ఎక్స్‌పీరియన్స్ లాగా అన్నమాట. పన్నెండేళ్ళ అనుభవం ఉన్నవాడు ఆరేళ్ళవాడికంటే సరిగ్గా రెండింతలు పనిమంతుడని నమ్మేది లోకంలో హెచ్చార్ వాళ్ళొక్కళ్ళే అనుకునేవాణ్ణి. కాదు, మనం కూడా :)

ఈ వయసు గోలలో నిజమెంత, షోకెంత అని నాకు చాన్నాళ్ళ అనుమానం. 2025 సంక్రాంతికి ఊళ్ళో దాన్ని తేల్చే అవకాశం దొరికింది. దొరికింది అనేకంటే, న్యూజెర్సీ నుంచి వచ్చిన మా బావా, నేనూ కలిసి కల్పించుకున్నాం అనడం న్యాయం.

ముందు సరుకు గురించి నాలుగు ముక్కలు. మాల్టు అనే పదార్థం గోదావరి జిల్లావాళ్ళకి కొత్తేం కాదు. బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తనిచ్చి, మొలక పెరిగిపోకుండా ఆరబెట్టి ఆపేస్తే అదే మాల్టు. ధవళేశ్వరం హార్లిక్స్ ఫ్యాక్టరీలో వాడేదీ అదే జాతి సరుకు. మనం పరీక్షలకి చదువుతూ అర్ధరాత్రి తాగిన గ్లాసుడు హార్లిక్సుకీ, ఎడిన్‌బరాలో పెద్దమనుషులు చప్పరించే గ్లాసుకీ గింజ ఒకటే. అక్కడ దాన్ని పులియబెట్టి, రాగి బానల్లో బట్టీ పెడతారు. బట్టీలోంచి వచ్చేటప్పుడు అది నీళ్ళలా తెల్లగా ఉంటుంది. రంగూ, రుచిలో చాలా భాగమూ పీపాలోంచి వస్తాయి. (రంగు కోసం కొంచెం కేరమెల్ కలుపుకోడానికి చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి, ముదురు రంగు చూసి మోసపోకండి.) స్కాట్లండులోనే, 700 లీటర్లకి మించని ఓక్ చెక్క పీపాలో, తక్కువలో తక్కువ మూడేళ్ళు ఉంటేనే అది స్కాచి. సీసా మీద 18 అని వేస్తే, అందులో కలిపిన పీపాలన్నిట్లోకీ చిన్నదాని వయసు 18 అని అర్థం. సగటు కాదు, కనిష్ఠం. ఇంకో సంగతి, సీసాలోకి దిగాక వయసు ఆగిపోతుంది. మీ నాన్నగారి బీరువాలో ఇరవై ఏళ్ళుగా ఉన్న పన్నెండేళ్ళ సీసా ఇప్పటికీ పన్నెండేళ్ళదే.

మనం ఇక్కడ విస్కీ అనుకుని తాగేవాటిల్లో చాలా వరకూ చెరుకు మొలాసిస్‌లోంచి తీసిన స్పిరిటు ఉంటుంది. యూరప్‌లో అయితే దాన్ని విస్కీ అని అమ్మనివ్వరు, లెక్కప్రకారం అది రమ్ముకి దగ్గర చుట్టం. ఇందులో తప్పేం లేదు లెండి, చెరుకున్నచోట చెరుకే వాడతారు. మా తణుకు ఆంధ్రా షుగర్స్ వాళ్ళు పంచదారతో పాటు ఆల్కహాలూ తీశారు, ఇస్రో రాకెట్లకి ఇంధనమూ చేశారు. పిడకల వేట అయింది, వస్తున్నా.

వయసు గురించి నాకు అసలు అర్థమయ్యేలా చెప్పింది మాత్రం మా తమ్ముడు, అంటే మా బాబాయి కొడుకు. వాడు చుక్క ముట్టడు. అంబాజీపేటలో కురిడీ కొబ్బరి వ్యాపారం. తెలియనివాళ్ళ కోసం - ముదురు కాయలు దింపించి, డొక్క తియ్యకుండా అటక మీద పోసి పది పన్నెండు నెలలు అలా వదిలేస్తే, లోపల నీళ్ళన్నీ ఇంకిపోయి, కొబ్బరి గుండు చిప్ప నుంచి విడివడుతుంది. ఊపితే లోపల గుడగుడమంటుంది. అదే కురిడీ. పచ్చి కాయకంటే ఎక్కువ పలుకుతుంది. కానీ ఆ ఏడాదీ డబ్బు అటకెక్కి కూర్చుంటుంది, కొన్ని కాయలు కుళ్ళుతాయి, కొన్ని ఎలుకల పాలు, బరువు ఎలాగూ తగ్గుతుంది. ఈ తగ్గేదాన్ని వ్యాపారస్తులు తరుగు అంటారు. ధాన్యానికీ అంతే. పాత బియ్యానికి ఎక్కువెందుకివ్వాలో డెల్టాలో ఎవరికీ ఉపన్యాసం అక్కర్లేదు.

పీపాలోంచి ఏటా కొంత ఆవిరైపోతుందనీ, స్కాట్లండువాళ్ళు దాన్ని దేవదూతల వాటా అంటారనీ నేను కాస్త గొప్పగా చెప్పబోతే వాడు, "అది తరుగే కదన్నయ్యా. దానికి దేవతలెందుకు?" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు ఆ ఇంగ్లీషు మాట నోట్లోంచి రావడం లేదు.

స్కాట్లండులో ఆ తరుగు ఏటా రెండు శాతం చిల్లర. చల్లటి దేశం. 200 లీటర్ల పీపా పెడితే, రెండు శాతం లెక్కన పద్దెనిమిదేళ్ళకి 139 లీటర్లు మిగులుతాయి. బెంగుళూరులో అమృత్ వాళ్ళకి అదే తరుగు ఏటా పది శాతం పైన. పదే వేసుకున్నా అదే పీపాలో పద్దెనిమిదేళ్ళకి మిగిలేది 30 లీటర్లు! బెంగుళూరే అలా ఉంటే, మే నెలలో నలభై దాటే రాజమండ్రిలో పెట్టామనుకోండి, ఇక పీపా కొట్టి చూస్తే కురిడీలా గుడగుడమంటుంది. అందుకే అమృత్ వాళ్ళు నాలుగైదేళ్ళకే దింపేస్తారు. 2004లో గ్లాస్గో వెళ్ళి స్కాట్లండువాళ్ళ ముందే పెట్టారు తమ సింగిల్ మాల్టుని. వాళ్ళ ఫ్యూజన్‌ని జిమ్ ముర్రే 2010 విస్కీ బైబిల్‌లో ప్రపంచంలో మూడోదిగా నిలబెట్టాక గాని మనవాళ్ళు దానివంక చూళ్ళేదు. 2013లో ఎనిమిదేళ్ళది ఒకటి తీసి దానికి 'అత్యాశ దేవదూతలు' అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. నా తమ్ముడు వింటే 'అత్యాశ తరుగు' అనేవాడు.

అసలు మన దేశంలో తాగుడికీ వయసుకీ ఎప్పుడూ పొత్తు కుదరలేదు. తాటికల్లు చూడండి. పొద్దున దింపింది పొద్దున తాగితే తియ్యన, సాయంత్రానికి పులుపు, మర్నాటికి పారబొయ్యడమే. ఇక్కడి ఎండకి నిలవ అంటే ఊరగాయే, పానీయం కాదు.

సరే, పరీక్ష దగ్గరికొద్దాం. ముక్కనుమ నాటి సాయంత్రం, ముమ్మిడివరం వైపు మా ఊళ్ళో, పెరటి వరండాలో. సరుకు అయిదు సీసాలు - గ్లెన్‌ఫిడ్డిక్ పన్నెండు, పదిహేను, పద్దెనిమిది, లాగవూలిన్ పదహారు, వయసు వెయ్యని అమృత్ ఫ్యూజన్. ఒకే ఇంటి మూడు వయసులు కావాలని ఎంచుకున్నాం, మిగతావన్నీ మారకుండా ఒక్కటే మారాలని. (అలా మారకుండా ఉండవు. పదిహేనుని సొలెరా అని ఒక పెద్ద తొట్టిలో కలుపుతారు, ఆ తొట్టిని ఎప్పుడూ సగానికంటే ఖాళీ చెయ్యరు. పద్దెనిమిదిలో షెర్రీ పీపాల పాలు ఉంటుంది. అయినా దొరికినదాంట్లో ఇదే దగ్గర.) రుచి చూసేవాళ్ళం ముగ్గురం - నేనూ, బావా, బ్యాంకులో రిటైరయిన మా చిన మావయ్యా. పోసేవాడు మా తమ్ముడు, ఎందుకంటే ఇంట్లో తాగని మగవాడు వాడొక్కడే. ఏ గ్లాసులో ఏముందో వాడికి తప్ప ఎవరికీ తెలియకూడదు. కొలతకి దగ్గు మందు సీసా మూత పట్టుకొచ్చాడు, పదిహేను మిల్లీలీటర్ల గీత ఉన్నది. 'మందు' అనే మాటకి ఇంత న్యాయం నేనెప్పుడూ చూళ్ళేదు. బలం తేడాని బట్టి కనిపెట్టెయ్యకుండా అన్నిట్నీ నీళ్ళతో నలభై శాతానికి దించాం. ఫ్యూజన్ యాభై శాతం, అంచేత దానికి మూతకి నాలుగు మిల్లీలీటర్లకి కాస్త తక్కువగా నీళ్ళు. అన్నీ ఒకే రకం టీ గ్లాసులు, రెండు విడతలు, వరస మార్చి. రెండో విడత మర్నాడు పెట్టాం, నాలిక మొద్దుబారకుండా.

ఒక నియమం పెట్టుకున్నాం - డబ్బా మీది మాటలు వాడకూడదు, మనం తిన్నవాటితోనే చెప్పాలి. ఇది ఆ సాయంత్రం మేం చేసిన అన్నిట్లోకీ తెలివైన పని. పన్నెండుకి మావయ్య 'దోరజామ' అన్నారు. డబ్బా మీద పియర్ పండు అని ఉంది, ఇదే నయం. పదిహేనుకి ముగ్గురం ఒకేసారి అరిసెల పాకం వైపు వెళ్ళాం, కొంచెం యాలక్కాయ, కొంచెం కిస్మిస్. పద్దెనిమిదికి బావ ఎండు ఖర్జూరం అన్నాడు, నాకు మాత్రం అమ్మమ్మ వాళ్ళ టేకు బీరువా తలుపు తీసినట్టనిపించింది. లాగవూలిన్‌కి వర్ణన అక్కర్లేకపోయింది. టింక్చర్ అయోడినూ, తడి డొక్క కాలిన పొగా. ఐలా దీవిలో మాల్టుని ఆరబెట్టేటప్పుడు మంటలో పీట్ వేస్తారు, బురదనేలల్లో వేల ఏళ్ళు కుళ్ళి గట్టిపడ్డ గడ్డి అది. ఆ పొగ గింజకి పట్టి పదహారేళ్ళయినా వదల్లేదు.

మా తమ్ముడు తాగడు గానీ ముక్కు వ్యాపారస్తుడిది. పోస్తూ పోస్తూ అమృత్ గ్లాసు దగ్గర ఆగి, "ఇందులో కొబ్బరి పడిందేంటి?" అన్నాడు. ముగ్గురం నవ్వాం, కోనసీమోడికి అన్నిట్లో కొబ్బరే అని. కానీ వాడిదే ఒప్పు. అమెరికన్ ఓక్ చెక్కలో లాక్టోన్లు అని ఉంటాయి, వాటి వాసన సరిగ్గా కొబ్బరే. బూర్బన్‌కి లోపల కాల్చిన కొత్త పీపానే వాడాలని అమెరికా చట్టం. ఒకసారి వాడిన పీపాలు వాళ్ళకి ఇక పనికిరావు, అవి స్కాట్లండుకీ, బెంగుళూరుకీ వస్తాయి. ఎండకి చెక్క గబగబా ఊరి ఆ కొబ్బరంతా దిగిపోతుంది. సీసా వెనక ఉన్న పాఠం పదిసార్లు చదివిన నాకు తట్టనిది, చుక్క తాగనివాడికి తెలిసింది.

ఫలితాలు. లాగవూలిన్ ముగ్గురికీ రెండు విడతల్లోనూ దొరికిపోయింది. పన్నెండుకీ పదిహేనుకీ తేడా ఎవరూ తప్పలేదు. పదిహేనుకీ పద్దెనిమిదికీ మధ్య ఏది ముసలిదో చెప్పమంటే, ముగ్గురు రెండేసి సార్లు, ఆరింటిలో మూడు ఒప్పు. అంటే బొమ్మా బొరుసూ ఎగరేసినట్టే. ఇక బావ ఫ్యూజన్ చప్పరించి, కళ్ళు మూసుకుని, "ఇది పద్దెనిమిది. కాకపోతే ఇరవయ్యొకటి, మధ్యలో సీసా మార్చారు మీరు" అని ప్రకటించాడు. నిజం చెప్పాక అరగంట మాట్లాడలేదు. ఆరు శాంపిళ్ళతో ఏదీ రుజువు కాదని మీలో టెస్టింగ్ వాళ్ళు అంటారు, ఒప్పుకుంటా. కానీ పద్దెనిమిదికి నేనిచ్చిన డబ్బు పన్నెండుకంటే రెండున్నర రెట్లు, ఆ రెండున్నర రెట్లు నాలిక మీద మాత్రం కనపడలేదు.

మేం ఇలా వాదించుకుంటుంటే పిన్ని అరిసెల పళ్ళెం పట్టుకుని వరండాలోకొచ్చింది. అయిదు గ్లాసుల్నీ, దగ్గు మందు మూతనీ కాసేపు చూసి, "మీ బాబాయి తాగినవి ఎన్నేళ్ళవిరా?" అంది.

ఎకసెక్కం కాదు, నిజంగానే అడిగింది. మేం చెప్పుకుంటున్న పన్నెండూ పద్దెనిమిదీ లోపలికి వినపడుతున్నాయి కదా. "వాటికి వయసుండదు పిన్నీ" అన్నాను. "ఆహా" అని పళ్ళెం పెట్టేసి వెళ్ళింది.

బాబాయిది మొదట సారా. 1992లో దూబగుంట ఆడవాళ్ళు లేపిన ఉద్యమం తర్వాత 1993 అక్టోబరులో సారా ఆగిపోయింది, బాబాయి బ్రాందీకి మారాడు. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. రాష్ట్రమంతా ఏమో గానీ మా వైపువాళ్ళకి మాత్రం ఓ తలుపు తెరిచే ఉంది - యానాం. చుట్టూ గోదావరి జిల్లా, మధ్యలో 30 చదరపు కిలోమీటర్ల పాండిచ్చేరి. 1954 దాకా ఫ్రెంచివాళ్ళది. శారదా చట్టం వచ్చి ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో బాల్యవివాహాలు ఆగిపోతే, ఆ చట్టం చెల్లని యానాం వెళ్ళి చేసుకొచ్చేవారట, కళ్యాణపురం అని పేరే పడింది. 1995లో అదే దారిన సీసాల కోసం వెళ్ళారు. ఇప్పుడు ఎదుర్లంక నుంచి వంతెనుంది, అప్పుడు పంటు మీద దాటాలి. బాబాయి సాయంత్రం పంటెక్కేవాడు. ఆఖరి పంటుకి వస్తే ఇంటికి, రాకపోతే అక్కడే ఏ అరుగు మీదో. మా తమ్ముడికి అప్పుడు అయిదారేళ్ళు, రేవులో కూచుని పంటు లెక్కపెట్టేవాడు. 1997లో చంద్రబాబు నిషేధం సడలించాక రేవు దాటే పని తప్పింది, అంతే తేడా. 1999లో బాబాయి పోయాడు, నలభై నాలుగేళ్ళకి, లివరు.

ఇది రాయడం ఎందుకంటే, ఇలాంటి రుచుల వ్యాసాల్లో ఆ రేవు ఎక్కడా కనపడదు. మేం అయిదు గ్లాసులు పెట్టుకుని కొబ్బరా, ఖర్జూరమా అనుకోవడానికీ బాబాయి పంటెక్కడానికీ తేడా ఏమిటని పిన్ని అడగలేదు. అడిగితే నా దగ్గరున్న జవాబు చిన్నది - మోతాదు, జీతం. సంస్కారం అని మాత్రం చెప్పలేను. మందు ఖరీదు పెరిగితే మనిషి పెద్దమనిషయిపోడు. మా ఆఫీసుల్లో పద్దెనిమిదేళ్ళది రోజూ సగం సీసా లాగించేవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళని ఎవరూ తాగుబోతులనరు, 'కానసర్' అంటారు. ఆ లివరుకి ఓక్ పీపా సంగతి తెలియదు. ఇటు చూస్తే, 2019 నుంచి 2024 దాకా షాపులు ప్రభుత్వమే నడిపిన అయిదేళ్ళూ మా ఊళ్ళో దింపు తీసేవాళ్ళకి దొరికినవి ఎన్నడూ వినని పేర్లు. ఏది దొరికితే అది, క్వార్టరుకి అడిగినంత. 'ఇందులో ఏముంది' అనే ప్రశ్న మాకు సరదా, వాళ్ళకి అవసరం. వాళ్ళ సీసా మీదే ఆ సంగతి తక్కువ రాసుంటుంది.

ఆ రాత్రి తమ్ముడు పడుకునే ముందు కాగితం పట్టుకొచ్చాడు. వాడికి రుచితో పనిలేదు, ధర తేలలేదని బెంగ. పన్నెండు నుంచి పద్దెనిమిదికి ఆరేళ్ళు. ఆరేళ్ళ తరుగు వల్ల సరుకు ధర 1.13 రెట్లు అవ్వాలి, అది రెండు శాతం లెక్క. మీద వడ్డీ. నేను బ్యాంకు మనిషిలా ఆరు శాతం వేశా, 1.42 వచ్చింది. రెండూ గుణిస్తే 1.6. మరి రెండున్నర ఎందుకయ్యా, మిగతాదంతా డబ్బా షోకు అన్నాను. వాడు నవ్వి, "ఆరు శాతానికి నీకెవడిస్తాడన్నయ్యా? మా మార్కెట్లో నమ్మకస్తుడికే రూపాయి వడ్డీ" అన్నాడు. నూటికి నెలకి రూపాయి, చక్రవడ్డీ, ఆరేళ్ళు - 1.97. తరుగుతో కలిపితే 2.23. "చూశావా, వాడు నిన్నేం పెద్దగా దోచుకోలేదు. పద్దెనిమిదేళ్ళు అటక మీద పెట్టి, పాడవకుండా చూసుకుని, పెట్టినవాడు పోతే కొడుకు దింపి అమ్ముకోవాలి. ఆ మాత్రం తీసుకోవద్దా?" (సీసా, పన్ను, రవాణా ఖర్చులకి వయసుండదు కాబట్టి లెక్క ఇంత నేరుగా ఉండదని మావయ్య అడ్డుపడ్డారు, రిటైరైనా బ్యాంకు బుద్ధి.) ధర అన్యాయమని ఒప్పించబోయి, న్యాయమేనని ఒప్పుకోవలసొచ్చింది. ధర న్యాయం అవడం వేరు, ఆ తేడా నా నాలికకి అందడం వేరు అన్నాను. "అది నీ నాలిక లోటు, వాడి సరుకు లోటు కాదు" అన్నాడు.

కొనేవాళ్ళకి నా లెక్క చెప్పేస్తా. సొంత డబ్బయితే పదిహేను. ఎవరైనా పద్దెనిమిది తెస్తే వద్దనకండి. మన దేశపువి పోసేటప్పుడు పేరు దాచి పొయ్యండి, మీ బావలూ పద్దెనిమిదే అంటారు. స్కాచి చవకవుతుందని ఆగేవాళ్ళు ఆగచ్చు. 2025 జులైలో బ్రిటనుతో సంతకాలైన ఒప్పందం ప్రకారం 150 శాతం ఉన్న దిగుమతి సుంకం మొదట 75కి, తర్వాత పదేళ్ళలో 40కి దిగాలి. మీద రాష్ట్రాల పన్నులున్నాయి కాబట్టి మరీ మురిసిపోకండి. యానాంలో కొని వంతెన దాటిద్దామనుకునేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, అది పక్క రాష్ట్రపు సరుకు, పట్టుకుంటే కేసు.

మిగిలిన లాగవూలిన్ మావయ్యకి వదిలేశాం. రోజూ ఒక మూత, దగ్గు మందు మూతతోనే. ఆ వాసనకి అత్తయ్య ఇంకా టింక్చరే అనుకుంటోందట. ఖాళీ అయిన మూడు సీసాలూ తమ్ముడు కడిగి తీసుకెళ్ళాడు, కొబ్బరినూనె శాంపిల్‌కి పనికొస్తాయని.